విజయనగరం చాసో – చిన్న కథలు, ఇరుకు బతుకులు

మన పత్రికకి ఒక తెలుగు రచయిత జీవితం గురించి రాసిపెట్టమని సంపాదకులు అడిగినప్పుడు నేను పెద్దగా ఆలోచించలేదు. మాది విజయనగరం. మా ఊరివాడు కాబట్టి చాసో గురించే రాస్తానన్నాను. శ్రీశ్రీ గురించో, విశ్వనాథ గురించో అయితే చాలామంది చదువుతారు కదా అని ఒక మిత్రుడు సలహా ఇచ్చాడు. నిజమే. కానీ వాళ్ళ గురించి చెప్పేవాళ్ళు బోలెడుమంది ఉన్నారు. చాసో పేరు విన్నవాళ్ళు మన డాలస్ చుట్టుపక్కల చాలామందే ఉన్నా, కథలు చదివినవాళ్ళు తక్కువ. ఆ లోటు కొంతైనా తీరితే చాలు.

చాసో అంటే చాగంటి సోమయాజులు. చాగంటిలో 'చా', సోమయాజులులో 'సో' కలిపితే చాసో. పాత పద్ధతి ఇంటిపేరూ, యజ్ఞయాగాల వాసన వేసే పేరూ కలిసి రెండక్షరాల పొట్టిపేరు అయిపోయాయి. ఆయన కథలూ అంతే. చెప్పవలసినది చెప్పి అక్కడితో ఆగిపోతాయి.

పుట్టుక, పెంపకం

ఆయన 1915 జనవరి 17న శ్రీకాకుళంలో పుట్టారు. పుట్టినింటి పేరు కానుకొలను. చిన్నతనంలోనే విజయనగరంలోని చాగంటి వారింటికి దత్తత వెళ్ళారు. తినడానికీ, కట్టుకోడానికీ లోటులేని, భూవసతి ఉన్న ఇల్లు అది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. మున్ముందు మనకి పని పడుతుంది.

అదే 1915 నవంబరు 30న విజయనగరంలో గురజాడ అప్పారావు గారు కన్నుమూశారు. అంటే గురజాడ వెళ్ళిపోయిన ఏడాదే చాసో పుట్టారన్నమాట. 1910లో 'దిద్దుబాటు'తో వాడుకభాషలో ఆధునిక కథకి దారి వేసినవారు గురజాడ. ఆ దారిలో చాలా దూరం నడిచినవారిలో చాసో ఒకరు. ఇద్దరిదీ ఒకే ఊరు, అవే వీధులు.

విజయనగరం తెలియనివారి కోసం నాలుగు మాటలు. అది పూసపాటి రాజుల సంస్థానం. మధ్యలో కోట, గంటస్తంభం, పెద్దచెరువు, అయ్యకోనేరు, ఏటేటా పైడితల్లి సిరిమాను సంబరం. మహారాజా కళాశాల ఉంది. 1919లో మొదలైన సంగీత కళాశాలకి ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రధానాచార్యులు. అక్కడే ద్వారం వెంకటస్వామి నాయుడు గారు వయొలిన్ నేర్పారు. ఒకపక్క ఇంత విద్య, ఇంత సంగీతం. ఇంకోపక్క కోట దాటి ఊరు దాటితే చుట్టూ కౌలురైతులు, కూలీలు, పొయ్యిలోకి ఆకూ అలమూ ఏరుకునే పిల్లలు. చాసో ఈ రెండు ప్రపంచాలనీ చూస్తూ పెరిగారు.

మహారాజా కళాశాలలో ఆయన చదువుకున్నారు. స్నేహితులు కూడా గొప్పవాళ్ళే దొరికారు. శ్రీశ్రీ, శ్రీరంగం నారాయణబాబు, ఇంగ్లీషు మాస్టారు రోణంకి అప్పలస్వామి గార్లతో ఆయనకి దగ్గర స్నేహం. రోణంకి వారు ఎన్నో యూరపు భాషల సాహిత్యం తెలిసిన మనిషి. చెఖోవ్, మొపాసా, గోర్కీల గురించి విజయనగరంలో కూచుని గంటల తరబడి మాట్లాడుకునే రోజులవి. చదువుకోడానికి ఆ ఊరొచ్చిన ఆరుద్ర గారు మార్క్సిజం వైపు మొగ్గడానికి చాసో, రోణంకి గార్ల సావాసం ఒక ముఖ్య కారణం.

కథల్లోకి రావడం

చాసో మొదట పద్యమే రాశారు. ఆ తర్వాత కథలోకి వచ్చారు. తొలి కథ 'చిన్నాజీ' 1942లో 'భారతి' పత్రికలో అచ్చయింది. అప్పటికి ఆయన వయసు 27. ఆ సంవత్సరాన్ని ఒకసారి తలుచుకోండి. రెండో ప్రపంచయుద్ధం నడుస్తోంది. 1942 ఏప్రిల్‌లో జపాను విమానాలు విశాఖపట్నం మీదా, కాకినాడ మీదా బాంబులు వేశాయి. మరుసటి ఏడాది బెంగాల్లో లక్షల మంది కరువుకి బలయ్యారు. అదే 1943లో తెనాలిలో అభ్యుదయ రచయితల సంఘం, అంటే అరసం, పుట్టింది. చాసో అందులో చేరి, చివరిదాకా ఉత్తరాంధ్రలో దానికి పెద్దదిక్కుగా ఉన్నారు.

ఆయన మార్క్సిస్టు. కానీ ఆయన కథల్లో నినాదాలు వెతికితే దొరకవు. ఉపన్యాసం ఇచ్చే పాత్ర ఉండదు. చివర్లో ఎర్రసూర్యుడు ఉదయించడు. డబ్బు మనిషి చేత ఏం చేయిస్తుందో చూపించి ఊరుకుంటారు. ముందు మిత్రులకి కథని నోటితో చెప్పి, సానపట్టి, ఆ తర్వాతే కాగితం మీద పెట్టేవారని ఆయన్ని ఎరిగినవాళ్ళు చెబుతారు. కథ చదివితే ఆ మాట నమ్మాలనిపిస్తుంది. ఒక్క వాక్యం తీసేద్దామన్నా వీలుపడదు. ఇన్నేళ్ళలో రాసినవి ఒక్క సంపుటంలో ఇమిడిపోయేటన్ని కథలే. 1968లో 'చాసో కథలు' పుస్తకంగా వచ్చింది.

నాలుగైదు కథలు

జీవితం గురించి రాస్తూ కథల దగ్గర ఆగకపోతే చాసోని చెప్పినట్టు కాదు. ఎందుకంటే ఆయన జీవితంలో పెద్ద పెద్ద సంఘటనలు తక్కువ. ఉద్యోగాల కోసం ఊళ్ళు తిరగలేదు, సినిమాలకి వెళ్ళలేదు. ఒక ఊళ్ళో ఉండి, వ్యవసాయం చూసుకుంటూ, మనుషుల్ని గమనిస్తూ బతికారు. ఆ గమనించినదంతా కథల్లో ఉంది.

'ఎంపు' అనే కథ ముష్టివాళ్ళది. ఒక ముసలి ముష్టివాడికి పెళ్ళీడుకొచ్చిన కూతురుంది. ఆ పిల్లకి ఒక కుంటివాడి మీద మనసు. తండ్రి మాత్రం గుడ్డివాణ్ణి చేసుకోమంటాడు. కారణం ఏమిటనుకుంటున్నారు? కుంటివాడి కంటే గుడ్డివాడికి జనం ఎక్కువ జాలిపడతారు, ముష్టి ఎక్కువ పడుతుంది. పైగా గుడ్డివాడికి పెళ్ళాం చెయ్యి లేందే అడుగు పడదు కాబట్టి వదిలేసి పోడు. చదువుతుంటే ముందు నవ్వొస్తుంది, ఆ తర్వాత నవ్వు ఆగిపోతుంది. మనం సంబంధాలు చూసేటప్పుడు హెచ్-వన్ మీద ఉన్నాడా, గ్రీన్‌కార్డు వచ్చిందా, ఇల్లు కొన్నాడా అని అడగమూ? ఆ ముసలాడి లెక్కకీ మన లెక్కకీ అంకెల్లోనే తేడా. ఆ తండ్రి దుర్మార్గుడు కాదు, కూతురి మంచి కోరినవాడే. అతనికి తెలిసిన లోకంలో మంచి అంటే అంతే మరి.

'కుంకుడాకు' లో గవరమ్మ అని ఒక చిన్నపిల్ల. బళ్ళో కూచోవలసిన వయసులో పొయ్యి కింద పెట్టడానికి రాలిన ఆకు ఏరుకోడానికి పొలాలవెంట తిరుగుతుంది. దాని ఈడుదే ఇంకొక పిల్ల, కాస్త ఉన్నవాళ్ళ పిల్ల, బడికి పోతుంది. ఒకటో రెండో పుల్లలు తీసిందని గవరమ్మ దెబ్బలు తింటుంది. దెబ్బలు తిన్నాక కూడా అది నోరు మూసుకుని ఊరుకోదు. మా విజయనగరం పల్లెల యాసలో ఆ పిల్ల మాట్లాడే మాట వింటుంటే, చిన్నప్పుడు మా వీధి చివర తాటాకు బుట్ట నెత్తిన పెట్టుకుని వెళ్ళే పిల్లలు గుర్తొస్తారు నాకు. అప్పుడు వాళ్ళని చూసేవాణ్ణి గానీ, వాళ్ళింట్లో ఆ పూట పొయ్యి వెలిగిందా అన్న ప్రశ్న రాలేదు. ఆ ప్రశ్నని నాకిచ్చింది చాసో కథ.

'ఎందుకు పారేస్తాను నాన్నా!' బహుశా ఆయన కథల్లో ఎక్కువమందికి తెలిసినది. బాగా చదివే కుర్రాడు కృష్ణుడు. జీతం కట్టలేక తండ్రి చదువు మానిపించాడు. చుట్టలు కొనుక్కురమ్మని ఒకరోజు కొడుకుని పంపుతాడు. బడి ముందునుంచే వెళ్ళాలి. తోటివాళ్ళు కొత్త పుస్తకాలతో లోపల ఉంటే తను చుట్టల కోసం ఆ వీధిలో ఎలా నడవడం? కథంతా ఆ నాలుగడుగుల దూరమే. ఇక్కడ కాపెల్‌లో పొద్దున్నే పచ్చబస్సు వచ్చి పిల్లల్ని ఎక్కించుకుపోతుంది. ఫీజు కట్టలేదని పబ్లిక్ స్కూలు వాళ్ళు పిల్లాణ్ణి ఇంటికి పంపరు. మన పిల్లలకి ఈ కథ చెబితే జీతం కట్టడం అంటే ఏమిటో ముందు వివరించాల్సి వస్తుంది. అది మన అదృష్టమే. కానీ మనలో చాలామంది తండ్రులో, తాతలో ఆ బడి ముందు నిలబడినవాళ్ళే. ఒక్క తరం వెనక్కి తొంగిచూస్తే తెలుస్తుంది.

'ఏలూరెళ్ళాలి' చదివి ఉలిక్కిపడనివాళ్ళు తక్కువ. ముసలి భర్తని కట్టుకున్న ఒక పడుచు మాణిక్యమ్మ. పిల్లలు లేకుండా భర్త పోతే తన గతి ఏమిటో ఆవిడకి బాగా తెలుసు. ఆడవాళ్ళకి ఆస్తిలో పూర్తి హక్కు రావడానికి 1956లో హిందూ వారసత్వ చట్టం దాకా ఆగవలసి వచ్చింది. అంతకుముందు వితంతువు బతుకు చాలావరకు బంధువుల దయ మీదే. అందుకని పొరుగున ఉన్న ఒక విద్యార్థి ద్వారా ఆవిడ బిడ్డని కంటుంది. చాలా ఏళ్ళ తర్వాత ఇద్దరూ మళ్ళీ కలుస్తారు. ప్రేమకథ అనుకుని చదవడం మొదలుపెట్టినవాడు, అది ఒక ఆడమనిషి తన బతుక్కి తనే చేసుకున్న బీమా అని తెలుసుకుంటాడు. రచయిత ఆవిణ్ణి తప్పు పట్టడు, మెచ్చుకోడు. ఆ పరిస్థితిలో మీరైతే ఏం చేస్తారని అడిగి వదిలేస్తాడు.

వాయులీనం

ఇక నాకు అన్నిటికంటే దగ్గరైన కథ 'వాయులీనం'. రాజ్యం చిన్నప్పుడు ఫిడేలు నేర్చుకుంది, చక్కగా వాయించేది. గుమాస్తా లాంటి చిన్న ఉద్యోగస్తుణ్ణి పెళ్ళాడింది. పిల్లలు, వంట, చాకిరీ. ఫిడేలు పెట్టెలోకి వెళ్ళింది. తర్వాత ఆవిడకి పెద్ద జబ్బు చేసింది. భర్త ఉన్నదంతా ఊడ్చి మందులకి పెట్టి ఆవిణ్ణి బతికించుకున్నాడు. చివరికి ఆ ఫిడేలు కూడా అమ్మేశాడు, ఆవిడకి మంచి చీర తెచ్చిపెట్టాడు. అంతే కథ. భర్త చెడ్డవాడు కాదు, ప్రేమ ఉన్నవాడు. చీర తేవడం కూడా ప్రేమతోనే. అసలు దుఃఖం అక్కడే ఉంది. కొట్టే మొగుడైతే తిట్టి ఊరుకుంటాం. ప్రేమించేవాడి చేతులమీదుగానే ఆవిడకున్న ఆ ఒక్కటీ వెళ్ళిపోయింది. ఇద్దరిలో ఎవరినీ ఏమీ అనలేం.

మా కాపెల్‌లో నాలుగు కుటుంబాలం నెలకోసారి ఎవరో ఒకరింట్లో కలుసుకుని తెలుగు కథలు చదువుకుంటాం. ఈ కథ చదివిన సాయంత్రం మగవాళ్ళం డబ్బు, జబ్బు, ఇన్సూరెన్సు గురించి మాట్లాడుకున్నాం. ఆడవాళ్ళు చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత ఒకావిడ నెమ్మదిగా తన సంగతి చెప్పింది. ఇండియాలో ఇంజనీరింగు చదివి, రెండేళ్ళు ఉద్యోగం చేసి, పెళ్ళయ్యాక హెచ్-ఫోర్ వీసా మీద వచ్చిందట. పనిచెయ్యడానికి అనుమతి లేదు. సర్టిఫికెట్లన్నీ ఒక ప్లాస్టిక్ ఫోల్డర్లో పెట్టి సూట్‌కేసు అడుగున పెట్టింది. తొమ్మిదేళ్ళు అక్కడే ఉన్నాయి. 2015లో నిబంధన మార్చి, భర్త గ్రీన్‌కార్డు దరఖాస్తు ఒక దశ దాటినవాళ్ళలో హెచ్-ఫోర్ భార్యలకి పని అనుమతి ఇవ్వడం మొదలుపెట్టారు. ఆవిడకీ వచ్చింది. కానీ అప్పటికి తను నేర్చిన సాఫ్ట్‌వేరు పాతబడిపోయింది. ఆ తొమ్మిదేళ్ళలో ఆయన నన్ను ఒక్క మాట అనలేదు, ప్రతి పుట్టినరోజుకీ నగ కొన్నాడని ఆవిడ చెబుతుంటే ఆవిడ భర్త తల వంచుకుని కూచున్నాడు. ఆవిడ గొంతులో కోపం లేదు. రాజ్యం చీర కథ ఆ గదిలో ఇంకెవరూ అంత బాగా వివరించలేరు.

చాసో ఈ కథ రాసేనాటికి వీసాలూ లేవు, కాపెల్లో తెలుగువాళ్ళూ లేరు. అయినా ఆ కథ ఇక్కడి దాకా వచ్చి ఒక మనిషి చేత తొమ్మిదేళ్ళ మౌనం విప్పించింది. కుటుంబం నిలబడటానికి ఇంట్లో ఎవరో ఒకరు తమ ఫిడేలు అమ్ముకోవలసి వస్తుంది. అది ప్రతిసారీ ఆడమనిషిదే ఎందుకవుతోంది? ఆ సాయంత్రం తర్వాత మా ఇంట్లో కూడా ఈ ప్రశ్న మీద మాటలు నడిచాయి. ఆ వివరాలు ఇక్కడ అనవసరం. నడిచాయి, అంతవరకు చాలు.

ఉన్నవాడు లేనివాళ్ళ గురించి రాయవచ్చా?

మొదట్లో గుర్తుపెట్టుకోమన్న విషయానికి వస్తున్నాను. చాసో భూమి ఉన్న ఇంటి మనిషి. ముష్టివాళ్ళ గురించి, పుల్లలేరుకునే పిల్లల గురించి రాసే అధికారం ఆయనకి ఎక్కడిదని అడిగేవాళ్ళున్నారు. న్యాయమైన ప్రశ్నే. నాకు తోచిన జవాబు ఇది. ఆయన ఆ పేదవాళ్ళ తరఫున ఏడవలేదు. వాళ్ళని దేవుళ్ళని చెయ్యలేదు. తనలాంటివాళ్ళనీ వదిలిపెట్టలేదు. 'లేడీ కరుణాకరం' చూడండి. అందులో భర్త చదువూ, పదవీ, చివరికి బిరుదూ అన్నీ భార్య పరాయివాళ్ళతో నడిపిన సంబంధాల మీద కట్టుకున్న మేడలే. అదంతా తెలిసే అతగాడు మెట్లెక్కుతాడు. పెద్దమనుషుల కుటుంబ గౌరవానికి అడుగున ఏముందో అంత చల్లగా చెప్పిన తెలుగు కథ ఇంకొకటి వెంటనే గుర్తు రాదు. పేదవాడి దగ్గరా, గొప్పవాడి దగ్గరా ఆయన అడిగేది ఒకే ప్రశ్న. ఈ ఇంట్లో డబ్బు ఎక్కడినుంచి వస్తోంది, దానికి ఎవరు ఏం చెల్లిస్తున్నారు?

ఇంత చీకటి కథలు వారాంతంలో ఎందుకండీ, హాయిగా ఏదైనా హాస్యం చదువుకుందాం అని మా బృందంలోనే ఒకాయన అంటూ ఉంటారు. ఆయన్ని తప్పుపట్టను. అయిదు రోజులు ఆఫీసులో నలిగినవాడికి నవ్వు కావాలి. కానీ చాసోని చదివాక నాకు మనసు బరువెక్కినా, మనుషుల మీద విసుగు మాత్రం కలగలేదు. గవరమ్మ నోరు మూసుకోదు. కృష్ణుడికి బడి మీద ఆశ చావదు. మాణిక్యమ్మ బతకడానికి దారి వెతుక్కుంటుంది. దారులన్నీ మూసేసిన చోట కూడా వాళ్ళు తలుపులు తడుతూనే ఉన్నారు. అది చూసినవాడికి ఫోన్లో అమ్మ చెప్పే పనిమనిషి కష్టం మునుపటిలా ఒక చెవితో విని వదిలెయ్యడం కష్టమవుతుంది.

చివరి రోజులు

వయసు మీదపడ్డాక కూడా చాసో విజయనగరంలో యువరచయితలకి అందుబాటులో ఉండేవారు. 1994 జనవరి 1న, మరో పదహారు రోజుల్లో 79 నిండుతాయనగా, కన్నుమూశారు. ఆయన కోరిక ప్రకారం కళ్ళనీ, దేహాన్నీ దానం చేశారు. సోమయాజులు అన్న పేరు పెట్టుకుని పుట్టిన మనిషి తన దేహాన్ని వైద్యవిద్యార్థుల చదువుకి ఇచ్చి వెళ్ళారు. కుమార్తె చాగంటి తులసి గారు కూడా కథారచయిత్రి, అనువాదకురాలు. రాహుల్ సాంకృత్యాయన్ గారి 'ఓల్గా నుంచి గంగకు' తెలుగు చేసినది ఆవిడే. చాసో పుట్టినరోజైన జనవరి 17న విజయనగరంలో ఆయన పేర 'చాసో స్ఫూర్తి' పురస్కారం ఇస్తూ వస్తున్నారు.

2012లో వెల్చేరు నారాయణరావు గారూ, డేవిడ్ షుల్మన్ గారూ కలిసి చాసో కథల్ని ఇంగ్లీషులోకి తెచ్చారు. 'డాల్స్ వెడ్డింగ్' పేరుతో పెంగ్విన్ వాళ్ళు వేశారు. తెలుగు చదవడం రాని మన పిల్లలకి ఇది మంచి కానుక. హైస్కూల్లో చెఖోవ్‌నీ, జాయిస్‌నీ చదువుతున్న పిల్లలు చాసోని తేలిగ్గానే పట్టుకుంటారు. తెలుగు వచ్చినవాళ్ళకి కాళీపట్నం రామారావు గారు శ్రీకాకుళంలో 1997లో నెలకొల్పిన కథానిలయం ఉండనే ఉంది. వాళ్ళ వెబ్‌సైట్లో పాత పత్రికల కథలు ఎన్నో దొరుకుతాయి.

ఎక్కడ మొదలుపెట్టాలని అడిగితే, ముందు 'ఎందుకు పారేస్తాను నాన్నా!', ఆ తర్వాత 'వాయులీనం' అని చెబుతాను. రెండూ కలిపి అరగంట పని. వీలైతే భార్యాభర్తలు పక్కపక్కన కూచుని, ఒకరు పైకి చదువుతుంటే ఇంకొకరు వినండి. చదివాక టీవీ పెట్టకుండా ఒక పది నిమిషాలు ఆగండి. మీ ఇంట్లో ఏ పెట్టెలో ఏ ఫిడేలు ఉందో అప్పుడు మాటల్లోకి వస్తుంది.

ఉంటాను మరి. సెలవు.